వ్యవసాయ మైక్రోగ్రిడ్‌లలో స్మార్ట్ ఇన్వర్టర్ నియంత్రణ: గ్రిడ్ నుంచి విడివడే వేళ, తిరిగి కలిసే వేళ

ఉపోద్ఘాతం

సౌర ఫలకాలు అమర్చుకొన్న రైతులను కలవరపరచే ప్రశ్న ఒకటుంది. ఎండ నిండుగా కాస్తుండగానే, లైనులో కరెంటు పోయిన మరుక్షణం సౌర ఇన్వర్టర్ కూడా ఎందుకు ఆగిపోతుంది? సొంతంగా విద్యుత్తు ఉత్పత్తి చేసుకొంటున్నా, అవసరమైన వేళ అది అక్కరకు రాకపోవడం వారికి అన్యాయంగా తోస్తుంది. నిజానికి ఆ ఆగిపోవడం లోపం కాదు; లైనుపై పనిచేసే మనిషి ప్రాణాన్ని కాపాడేందుకు ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు. ఆ భద్రతకు భంగం కలగకుండానే, గ్రిడ్ లేని వేళల్లో పొలానికి విద్యుత్తు అందించగల వ్యవస్థను మైక్రోగ్రిడ్ అంటారు.

దీని అవసరం తెలుగు నేలకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను తాకినపుడు అనేక గ్రామాలకు విద్యుత్ సరఫరా రోజుల తరబడి నిలిచిపోయింది. రొయ్యల చెరువులు, పాల శీతలీకరణ కేంద్రాలు, కోళ్ల షెడ్లు, శీతల గిడ్డంగులు విద్యుత్తుపైనే ఆధారపడిన నేటి వ్యవసాయంలో అంతటి అంతరాయాన్ని భరించడం కష్టం. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం-కుసుమ్ పథకంతో పొలాల్లో సౌర విద్యుత్తుకు ఊతం లభించింది. అయితే ఎన్ని కిలోవాట్లు ఉత్పత్తి అవుతుందన్న లెక్క ఒక్కటే మైక్రోగ్రిడ్ యోగ్యతకు కొలత కాదు. గ్రిడ్ నుంచి విడివడే క్షణంలోను, తిరిగి కలిసే క్షణంలోను అది ఎలా ప్రవర్తిస్తుందన్నదే అసలైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గడానికి ఇన్వర్టర్ నైపుణ్యం ఎంత ముఖ్యమో, ఏ మోటారు నడవాలి, ఏది ఆగాలి అన్న వ్యవసాయ నిర్ణయం కూడా అంతే ముఖ్యం.

రెండు స్థితులు, రెండు పాత్రలు

సౌర ఫలకాలు, బ్యాటరీ, ఇన్వర్టర్లు, మోటార్లు, వీటన్నిటినీ పంపిణీ లైనుతో కలిపే ఒక ప్రధాన బ్రేకర్ కలిసి ఒక మైక్రోగ్రిడ్ అవుతాయి. బ్రేకర్ మూసి ఉంటే అది అనుసంధాన స్థితి. బ్రేకర్ తెరచుకొని, లోపలి లోడ్లను మైక్రోగ్రిడ్ తనంతట తానే పోషించుకొంటూ ఉంటే అది ద్వీప స్థితి.

అనుసంధాన స్థితిలో వోల్టేజిని, సెకనుకు 50 ఆవర్తనాల పౌనఃపున్యాన్ని నిలిపే బాధ్యత గ్రిడ్‌దే. ఇన్వర్టర్ ఆ తరంగాన్ని నిరంతరం గమనిస్తూ, దాని ఫేజ్ కోణానికి అనుగుణంగా కరెంటును పంపుతుంది. దీనిని అనుసరణ పాత్ర అనవచ్చు. గ్రిడ్ పోతే అనుసరించడానికి తరంగమే ఉండదు. సాధారణ సౌర ఇన్వర్టర్ ఆగిపోవడానికి భద్రతా నియమంతో పాటు ఇది కూడా కారణం.

ద్వీప స్థితిలో ఎవరో ఒకరు తరంగాన్ని సృష్టించాలి. ఆ పని చేసే ఇన్వర్టర్ కరెంటును కాక వోల్టేజిని, పౌనఃపున్యాన్ని తానే నిర్ణయిస్తుంది. లోడు ఎంత కోరితే అంత కరెంటు దాని నుంచి ప్రవహిస్తుంది. ఇది నిర్మాణ పాత్ర. కోరినపుడు ఇవ్వగల, మిగిలినపుడు తీసుకోగల నిల్వ దాని వెనుక ఉండాలి కనుక, సాధారణంగా బ్యాటరీకి జతచేసిన ఇన్వర్టర్‌కే ఈ పాత్ర అప్పగిస్తారు. మేఘం కమ్మితే తగ్గిపోయే సౌర ఫలకాలు ఒంటరిగా ఈ భారం మోయలేవు.

విడివడినట్లు గుర్తించడం

పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిశల్లోనూ పనిచేస్తుంది. 11 కిలోవోల్టుల లైనును సబ్‌స్టేషన్‌లో ఆపివేసినా, పొలంలోని ఇన్వర్టర్ 415 వోల్టుల వైపు నుంచి విద్యుత్తు పంపుతూనే ఉంటే, అదే ట్రాన్స్‌ఫార్మర్ దానిని తిరిగి 11 కిలోవోల్టులకు పెంచుతుంది. లైను చచ్చిందనుకొని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు అది మృత్యుపాశం. అందుకే అనుకోకుండా ఏర్పడిన ద్వీపానికి విద్యుత్తు పంపడాన్ని 2 సెకన్లలోపు ఆపివేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నాటి నిబంధనల్లో నిర్దేశించింది. అంతర్జాతీయంగా అనుసరించే ఐఈఈఈ 1547 ప్రమాణంలోనూ ఇదే గడువు ఉంది.

గ్రిడ్ పోయిందని ఇన్వర్టర్‌కు తెలిసేదెలా? వోల్టేజి, పౌనఃపున్యం హద్దులు దాటాయేమో గమనించడం సులభమైన పద్ధతి. కానీ ఆ క్షణంలో సౌర ఉత్పత్తి, పొలం వాడకం దాదాపు సమానంగా ఉంటే ఆ రెండూ పెద్దగా మారవు. గ్రిడ్ పోయినట్లు తెలియనే తెలియదు. వ్యవసాయ ఫీడర్లలో దీనికి మరో కారణం తోడవుతుంది. పంపుసెట్ల శక్తి గుణకాన్ని మెరుగుపరచేందుకు అమర్చే కెపాసిటర్లు, మోటార్లు కోరే రియాక్టివ్ పవర్‌ను అక్కడికక్కడే సమకూర్చుతాయి. ఈ రెండూ సరితూగితే, గ్రిడ్ లేకున్నా పౌనఃపున్యం 50 హెర్ట్జ్ సమీపంలోనే నిలిచిపోగలదు. కెపాసిటర్ వాడకం మంచిదే. దాని వల్ల గుర్తింపు కఠినమవుతుందన్న ఎరుక మాత్రం ఉండాలి.

ఈ చిక్కును దాటేందుకు ఇన్వర్టర్ తన పౌనఃపున్యాన్ని అప్పుడప్పుడు అతి స్వల్పంగా నెట్టి చూస్తుంది. గ్రిడ్ ఉంటే ఆ నెట్టుడుకు ఏమీ కదలదు. లేకపోతే పౌనఃపున్యం క్రమంగా జారిపోయి హద్దు దాటుతుంది. పశువు కట్టుకొయ్యకు కట్టి ఉందో లేదో పలుపు లాగి చూడటం వంటిదే ఇది.

అయితే ప్రతి చిన్న ఒడుదుడుకుకూ ఇన్వర్టర్ విడిపోవడం కూడా ప్రమాదమే. జర్మనీలో పౌనఃపున్యం 50.2 హెర్ట్జ్ చేరగానే ఆగిపోయేలా అమర్చిన సౌర ఇన్వర్టర్లు లక్షల సంఖ్యలో చేరాయి. అవన్నీ ఒక్కసారిగా ఆగితే దేశ గ్రిడ్‌కే ముప్పని గ్రహించి, 2012 నుంచి వాటి అమరికలను మార్పించారు. 2018లో సవరించిన ఐఈఈఈ 1547 ప్రమాణం, కొద్దిపాటి వోల్టేజి పతనాలను తట్టుకొని నిలవాలని ఇన్వర్టర్లను కోరుతుంది. తాత్కాలిక కుదుపును ఓర్చుకోవడం, నిజమైన విచ్ఛేదాన్ని వెంటనే గుర్తించడం: పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండింటి మధ్య సమతౌల్యమే ఇన్వర్టర్ ‘స్మార్ట్’ అనిపించుకోవడానికి మొదటి అర్హత.

పాత్ర మారే క్షణం

ఒక ఆవర్తనం వ్యవధి 20 మిల్లీసెకన్లు. థైరిస్టర్ స్విచ్ అయితే అర ఆవర్తనంలో తెరచుకోగలదు. యాంత్రిక కాంటాక్టర్‌కు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. ఈ స్వల్ప వ్యవధిలో మూడు పనులు వరుస తప్పకుండా జరగాలి. మొదట ప్రధాన బ్రేకర్ తెరచుకోవాలి. అది నిజంగా తెరచుకొన్నట్లు సంకేతం అందాలి. ఆ తరువాతే ఇన్వర్టర్ నిర్మాణ పాత్ర స్వీకరించాలి. ఈ వరుస తారుమారైతే మొత్తం ఫీడరును తానొక్కటే మోయడానికి ప్రయత్నించి ఇన్వర్టర్ కూలిపోతుంది. లైన్‌మన్ భద్రతకూ భంగం కలుగుతుంది.

పాత్ర మారేటపుడు కొత్త తరంగం పాత తరంగం ఆగిన చోటునుంచే మొదలు కావాలి. గ్రిడ్ ఉన్న చివరి క్షణంలోని వోల్టేజి పరిమాణాన్ని, ఫేజ్ కోణాన్ని నియంత్రిక గుర్తుంచుకొని, వాటినే తన తొలి విలువలుగా తీసుకోవాలి. అలా చేయనపుడు తరంగంలో ఒక గెంతు ఏర్పడి మోటార్లు అదురుతాయి.

విద్యుత్తు సరితూకం మరో సమస్య. విడివడే ముందు పొలం 15 కిలోవాట్లను గ్రిడ్‌కు పంపుతూ ఉందనుకొందాం. బ్రేకర్ తెరచుకోగానే ఆ 15 కిలోవాట్లకు దారి మూసుకుపోతుంది. వాటిని బ్యాటరీ తక్షణం పీల్చుకోవాలి, లేదా సౌర ఉత్పత్తి తగ్గాలి. విద్యుత్ కేంద్రాల్లోని భారీ జనరేటర్ల తిరుగుడులో నిల్వ ఉండే జడత్వం ఇక్కడ లేదు. ఆలోచించుకొనే వ్యవధి కూడా లేదు. బ్యాటరీ అప్పటికే నిండి ఉంటే, నిర్మాణ పాత్రలోని ఇన్వర్టర్ పౌనఃపున్యాన్ని కావాలనే 50 హెర్ట్జ్‌కు పైగా పెంచుతుంది. అనుసరణ పాత్రలోని సౌర ఇన్వర్టర్లు దానిని సంకేతంగా గ్రహించి తమ ఉత్పత్తిని తగ్గించుకొంటాయి.

వ్యవసాయ ఫీడర్లకు ఉన్న ఒక అనుకూలతను ఇక్కడ గుర్తించాలి. వేళలు నిర్ణయించి సరఫరా చేసే ఫీడర్లలో విచ్ఛేదం అనూహ్య ఘటన కాదు, దినచర్య. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా ముగియగానే ఫీడరు ఆగుతుంది. ఆ వేళ ముందే తెలుసు కనుక, కొన్ని నిమిషాల ముందుగా గ్రిడ్‌తో ఇచ్చిపుచ్చుకోళ్లను సున్నాకు తెచ్చి, మోటార్లను ఒక్కొక్కటిగా ఆపి, ప్రశాంతంగా విడివడేలా నియంత్రికను అమర్చవచ్చు. అనుకోని విచ్ఛేదాన్ని తట్టుకొనే శక్తి ఎలాగూ ఉండాలి. రోజువారీ విచ్ఛేదాన్ని కూడా ప్రమాదంలా జరగనివ్వడం మాత్రం అనవసరం.

భారం పంచుకోవడం

ద్వీపంలో ఒకటికి మించి ఇన్వర్టర్లు ఉంటే, ఎవరెంత భారం మోయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. 1993లో చందోర్కర్, దివాన్, ఆడపా ప్రచురించిన పరిశోధన ఇన్వర్టర్ల మధ్య సమాచార తీగల అవసరం లేకుండానే దీనికి మార్గం చూపింది. భారం పెరిగే కొద్దీ ప్రతి ఇన్వర్టర్ తన పౌనఃపున్యాన్ని కొద్దిగా తగ్గించుకొంటుంది. 20, 10 కిలోవాట్ల ఇన్వర్టర్లు రెండు ఉన్నాయనుకొందాం. పూర్తి భారం వద్ద రెండూ 0.5 హెర్ట్జ్ తగ్గేలా అమరిక చేస్తే, 15 కిలోవాట్ల లోడు వద్ద పౌనఃపున్యం 49.75 హెర్ట్జ్‌కు చేరుతుంది. పెద్దది 10, చిన్నది 5 కిలోవాట్లు మోస్తాయి. వలపటి ఎద్దు, దాపటి ఎద్దు మాటలు లేకుండానే కాడి బరువు పంచుకొన్నట్లు ఇన్వర్టర్లు తమ సామర్థ్యం మేరకు భారం పంచుకొంటాయి. ఆ తరువాత నిదానంగా పనిచేసే రెండవ అంచె నియంత్రణ పౌనఃపున్యాన్ని మళ్లీ 50 హెర్ట్జ్‌కు చేరుస్తుంది.

పంపుసెట్ల స్వభావం ఈ పద్ధతికి కొంత తోడ్పడుతుంది. అపకేంద్ర పంపు కోరే శక్తి వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగం 2 శాతం తగ్గితే కోరే శక్తి దాదాపు 6 శాతం తగ్గుతుంది.

అనుసంధాన స్థితికి ఒకటి, ద్వీప స్థితికి మరొకటిగా రెండు నియంత్రణలు ఉంచి వాటి మధ్య మారడం కంటె, రెండు స్థితుల్లోనూ ఒకే నియంత్రణ కొనసాగడం మేలన్న భావన క్రమంగా బలపడింది. ఇన్వర్టర్‌ను జడత్వం గల సింక్రనస్ జనరేటర్‌లా ప్రవర్తింపజేసే పద్ధతిని జర్మనీకి చెందిన బెక్, హెస్సె 2007లో ప్రతిపాదించారు. ఇటువంటి ఇన్వర్టర్ గ్రిడ్ ఉన్నా లేకున్నా వోల్టేజి జనకంగానే ఉంటుంది కనుక, పాత్ర మారే క్షణంలోని గెంతు చాలామేరకు తొలగిపోతుంది.

మోటారు ప్రారంభ కరెంటు

కాగితంపై సరిపోయిన మైక్రోగ్రిడ్ పొలంలో విఫలం కావడానికి ముఖ్య కారణం మోటార్ల ప్రారంభ కరెంటు. 5 హార్స్‌పవర్ మోటారు పూర్తి భారం వద్ద సుమారు 8 ఆంపియర్లు తీసుకొంటుంది. నేరుగా ప్రారంభిస్తే దానికి దాదాపు 6 రెట్లు, అంటే 48 ఆంపియర్లు గుంజుతుంది. గ్రిడ్‌కు అది లెక్కలోనిది కాదు. 30 కిలోవోల్ట్-ఆంపియర్ల ఇన్వర్టర్ నిర్ణీత కరెంటు 415 వోల్టుల వద్ద సుమారు 42 ఆంపియర్లు మాత్రమే. అర్ధవాహక పరికరాలు వేడిని ఓర్చుకోలేవు కనుక, స్వల్పకాలం పాటు దానికి 1.2 రెట్లు, అంటే 50 ఆంపియర్లు ఇవ్వగలదనుకొందాం. అప్పటికే ఏరేటర్లు 13 ఆంపియర్లు తీసుకొంటుంటే, ఒక్క పంపు ప్రారంభమైనా ద్వీపం మొత్తం కుప్పకూలే ప్రమాదం ఉంది. స్టార్-డెల్టా స్టార్టర్ వాడితే లైను కరెంటు మూడోవంతుకు, అంటే 16 ఆంపియర్లకు తగ్గి ఇబ్బంది తొలగుతుంది. మోటారు వేగాన్ని క్రమంగా పెంచే డ్రైవ్ అమర్చితే ఇంకా మంచిది.

ఆటో స్టార్టర్ల సంగతి ఇక్కడే ప్రస్తావించాలి. కరెంటు రాగానే పంపు దానంతట అదే నడవాలని రైతులు వీటిని అమర్చుకొంటారు. ద్వీపంలో వోల్టేజి ఏర్పడిన క్షణాన పంపులన్నీ ఒకేసారి మేల్కొంటే ఏ ఇన్వర్టరూ నిలువలేదు. మైక్రోగ్రిడ్ పరిధిలోని సాగునీటి పంపులకు ఆటో స్టార్టర్లు తొలగించాల్సిందే.

రొయ్యల చెరువు ఏరేటర్ల విషయం దీనికి పూర్తిగా భిన్నం. వోల్టేజి కొన్ని ఆవర్తనాల పాటు బాగా పడిపోతే, స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు మైక్రోగ్రిడ్ క్షేమంగా ద్వీప స్థితికి మారినా, ఎవరైనా వెళ్లి మీట నొక్కేదాకా ఏరేటర్ కదలదు. అర్ధరాత్రి ఇలా జరిగితే, ఇన్వర్టర్ నమోదులో సరఫరా నిరాటంకంగా కనిపిస్తుంది. చెరువులో మాత్రం ప్రాణవాయువు తగ్గిపోతుంది. అందువల్ల ఏరేటర్లకు మాత్రం కొన్ని సెకన్ల ఎడంతో ఒకదాని తరువాత ఒకటి తిరిగి ప్రారంభమయ్యే ఏర్పాటు తప్పనిసరి. సాగునీటి పంపుకు చేటు చేసే స్వయం ప్రారంభమే, ఎడం పాటించినపుడు, చెరువుకు రక్ష అవుతుంది.

ఏ లోడుకు ఎంత ఓర్పు?

కనుక లోడ్లను కిలోవాట్ల వారీగా కాక, అంతరాయాన్ని ఓర్చుకోగల కాలాన్ని బట్టి వర్గీకరించాలి. ఇది విద్యుత్ శాస్త్రం ఒక్కటే తేల్చగల విషయం కాదు; పంట, పశువు, చెరువుల స్వభావం తెలిసినవారు నిర్ణయించాలి.

మొదటి తరగతి: నిమిషాలు మాత్రమే ఓర్చుకొనేవి. వేసవి మధ్యాహ్నం మూసి ఉన్న కోళ్ల షెడ్డులోని ఫ్యాన్లు, అధిక సాంద్రతలో రొయ్యలు పెంచే చెరువుల ఏరేటర్లు ఇందులోకి వస్తాయి. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయిలో ఉంటుంది. సౌర ఉత్పత్తి శూన్యమైన ఆ వేళనే అవసరం గరిష్ఠం కనుక, బ్యాటరీ పరిమాణాన్ని రాత్రి ఏరేటర్ల వాడకాన్ని బట్టి నిర్ణయించాలి. ఉదాహరణకు 6 కిలోవాట్ల ఏరేటర్లు 8 గంటలు నడవాలంటే 48 యూనిట్ల వాడుకోదగిన నిల్వ కావాలి.

రెండవ తరగతి: ఒకటి రెండు గంటలు ఓర్చుకొనేవి. తలుపు మూసి ఉంచిన శీతల గది, ముందే 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచిన పాల ట్యాంకు తమలోని చల్లదనాన్ని కొంతసేపు నిలుపుకొంటాయి. విడివడిన వెంటనే వీటిని ఆపి, ద్వీపం కుదుటపడ్డాక నడపవచ్చు.

మూడవ తరగతి: సాగునీటి పంపులు. నేలే ఇక్కడ నిల్వ. మీటరు లోతు నల్లరేగడిలో మొక్కకు అందుబాటులో ఉండే నీరు సుమారు 150 నుంచి 200 మి.మీ. ఉంటే, పంట రోజువారీ అవసరం సాధారణంగా 5, 6 మి.మీ. మాత్రమే. కొన్ని గంటల ఆలస్యం వల్ల పంటకు వచ్చే నష్టమేమీ లేదు. చల్క నేలల్లో నిల్వ తక్కువ కనుక, వేరు లోతు తక్కువగా ఉండే కూరగాయ పంటలకు ఆ ఓర్పు కొంత తగ్గుతుంది. అప్పటికీ అది నిమిషాల లెక్క కాదు. పంపులను ద్వీప స్థితిలో పగలు, సౌర ఉత్పత్తి మిగిలినపుడు మాత్రమే నడపాలి.

ఈ వర్గీకరణ విలువను జపాన్‌లోని సెండాయ్ నగర అనుభవం చాటింది. అక్కడి తొహోకు ఫుకుషి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని మైక్రోగ్రిడ్ లోడ్లను ముందే తరగతులుగా విభజించి ఉంచింది. 2011 మార్చి 11న భూకంపం వచ్చినపుడు గ్రిడ్ పోయింది. మైక్రోగ్రిడ్‌లోని గ్యాస్ ఇంజిన్లు కూడా తొలుత ఆగిపోయాయి. అయినా బ్యాటరీ అత్యంత కీలకమైన లోడ్లను నిలబెట్టింది. మరునాడు గ్యాస్ ఇంజిన్లను తిరిగి నడిపి, గ్రిడ్ వచ్చేదాకా సరఫరా కొనసాగించారు. అన్ని లోడ్లనూ ఒకే గాటన కట్టి ఉంటే ఆ బ్యాటరీ అంతసేపు నిలిచేది కాదు.

తిరిగి కలవడం

గ్రిడ్ తిరిగి వచ్చిందని వెంటనే బ్రేకర్ మూయరాదు. గ్రామీణ లైన్లలో కరెంటు వచ్చి మళ్లీ పోవడం సాధారణం. ఐఈఈఈ 1547 ప్రమాణం సాధారణ అమరికగా 300 సెకన్ల నిరీక్షణను సూచిస్తుంది. ఆ తరువాత ఇరువైపుల వోల్టేజి, పౌనఃపున్యం, ఫేజ్ కోణం, ఫేజ్‌ల వరుస సరిపోలాలి. 500 కిలోవోల్ట్-ఆంపియర్ల లోపు వ్యవస్థలకు ఆ ప్రమాణం అనుమతించే తేడా: పౌనఃపున్యంలో 0.3 హెర్ట్జ్, వోల్టేజిలో 10 శాతం, ఫేజ్ కోణంలో 20 డిగ్రీలు.

ద్వీపం 50.05, గ్రిడ్ 49.95 హెర్ట్జ్ వద్ద ఉన్నాయనుకొందాం. తేడా 0.1 హెర్ట్జ్ మాత్రమే. అయినా రెండు తరంగాలు ప్రతి 10 సెకన్లకు ఒకసారి మాత్రమే పూర్తిగా ఏకమవుతాయి. ఇరుపక్కల 20 డిగ్రీల హద్దులో ఉండే వ్యవధి సుమారు 1.1 సెకను. తరంగాలు ఎదురుబొదురుగా ఉన్నపుడు బ్రేకర్ మూస్తే రెట్టింపు వోల్టేజి తేడా ఎదురవుతుంది. ఇన్వర్టర్ కాలిపోవచ్చు, మోటారు ఇరుసుపై తీవ్రమైన మెలి పడవచ్చు. అందుకే కలయికకు ముందు ఇన్వర్టర్ తన పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా సవరించుకొంటూ కోణాన్ని సరిచేసుకొంటుంది. బ్రేకర్ మూసుకొన్నాకే మూడవ తరగతి పంపులను ఒక్కొక్కటిగా కలుపుకోవాలి.

పరిమాణంలో పోలిక లేకున్నా, దేశ గ్రిడ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒకప్పుడు దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో గాజువాక వంటి ఏకముఖ విద్యుత్ కేంద్రాల ద్వారా మాత్రమే కలిసి ఉండేది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిని చీకటి ముంచెత్తినపుడు తెలుగు నేల దాని నుంచి తప్పించుకోవడానికి అదే కారణం. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్‌ను మిగతా గ్రిడ్‌తో ఏకం చేసినపుడు సరిచూసినవి కూడా ఈ అంశాలే.

రక్షణ, ఆచరణాత్మక సూచనలు

గ్రిడ్‌తో ఉన్నపుడు తీగలు తాకితే వందల ఆంపియర్లు ప్రవహించి ఫ్యూజు కాలిపోతుంది. ద్వీపంలో ఇన్వర్టర్ తన నిర్ణీత కరెంటుకు కొద్దిపాటి మించి ఇవ్వదు కనుక ఫ్యూజు కాలకపోవచ్చు. లావు తీగ చుట్టిన ఫ్యూజు అసలే కాలదు. తడి నేలపై తెగిన తీగ ప్రాణాంతకంగానే మిగిలిపోతుంది. ఈ కారణంగా కింది జాగ్రత్తలు పాటించాలి.

1. లైన్‌మన్‌కు కనిపించేలా, తాళం వేయదగిన విచ్ఛేదక స్విచ్‌ను అనుసంధాన స్థానంలో అమర్చాలి. పంపిణీ సంస్థ అనుమతి లేకుండా ద్వీప స్థితిలో నడపరాదు.
2. గ్రిడ్ నుంచి విడివడినపుడు న్యూట్రల్‌కు స్థానిక ఎర్తింగ్ ఏర్పడాలి. ప్రతి శాఖకు 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకర్ ఉండాలి.
3. ఇన్వర్టర్‌ను ఎంచుకొనేటపుడు మొత్తం కిలోవాట్లతో పాటు, అతిపెద్ద మోటారు ప్రారంభ కరెంటును, ఆ సమయంలో నడుస్తుండే లోడ్లను కలిపి లెక్కించాలి.
4. సాగునీటి పంపులకు ఆటో స్టార్టర్లు తొలగించాలి. ఏరేటర్లకు, ఫ్యాన్లకు ఎడంతో కూడిన స్వయం ప్రారంభం అమర్చాలి.
5. నెలకొకసారి, ప్రత్యామ్నాయంగా జనరేటర్‌ను సిద్ధంగా ఉంచుకొని, పగటివేళ ప్రధాన బ్రేకర్ తెరచి పరీక్షించాలి. ఇన్వర్టర్ తెర చూసి తృప్తిపడక, ప్రతి ఏరేటర్ నిజంగా తిరుగుతున్నదీ లేనిదీ చెరువు గట్టున నిలిచి చూడాలి.

ముగింపు

నియంత్రణ శాస్త్రం తన వంతు పని చాలావరకు చేసింది. విచ్ఛేదాన్ని గుర్తించడం, తరంగాన్ని తెగకుండా కొనసాగించడం, కోణం సరిచూసి తిరిగి కలపడం నేటి ఇన్వర్టర్లకు సాధ్యమే. మిగిలిన పని పొలంలో ఉంది. ఏ లోడు నిమిషం ఆగలేదో, ఏది రోజంతా ఆగగలదో ముందుగా తేల్చి, ఆ క్రమాన్ని స్టార్టర్ల దాకా అమలుచేసినపుడే తుపాను రాత్రి గ్రిడ్ పోయినా చెరువులో నీరు కదులుతూనే ఉంటుంది. విద్యుత్ ఇంజినీర్లు, వ్యవసాయ శాస్త్రవేత్తలు, విస్తరణ సిబ్బంది ఒకే చోట కూర్చొని ప్రతి క్షేత్రానికీ ఆ జాబితా తయారుచేయడం మైక్రోగ్రిడ్ రూపకల్పనలో తొలి మెట్టు కావాలి.